లూబ్రిసైజర్

లూబ్రిసైజర్ అనగా అచ్చుపోసిన సీసపు బుల్లెట్ల వ్యాసాన్ని నిర్ణీత కొలతకు తెచ్చి, అదే పట్టులో వాటి గాళ్ళలో కందెన నింపే చేతి ప్రెస్సు. కందెన పెట్టేది అనే అర్థమిచ్చే లూబ్రికేటర్, కొలతకు తెచ్చేది అనే అర్థమిచ్చే సైజర్ అనే రెండు ఆంగ్ల పదాల కలయికతో ఈ పేరు ఏర్పడింది. దీనిని బల్లకు బిగించి, పొడవాటి పిడిని కిందికి లాగి నడుపుతారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సొంతంగా బుల్లెట్లు పోసుకొనే క్రీడా షూటర్లు, వేటగాళ్ళు నూరేళ్ళకు పైగా ఇటువంటి ప్రెస్సులను వాడుతున్నారు. భారతదేశంలో మాత్రం ఇది లైసెన్సు లేని వ్యక్తి ఇంట్లో ఉండదగిన వస్తువు కాదు. హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల చిత్ర పరిశ్రమలో తుపాకులకు ఎంత పని ఉన్నా, ఈ ప్రెస్సుకు అక్కడ పని లేదు.

పదాలు

తెలుగులో తూటా, గుండు, బుల్లెట్ అనే మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడడం అలవాటు. ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపలి మందు, కొసన బుల్లెట్ కలిసిన మొత్తం వస్తువు. బుల్లెట్ అంటే గొట్టం నుండి బయటకు వెళ్ళే లోహపు ముక్క మాత్రమే. లూబ్రిసైజర్ పని బుల్లెట్‌తోనే. తొడుగులో మందు నింపడం, బుల్లెట్‌ను కూర్చడం వేరే ప్రెస్సుల పని. కందెన అనే మాట ఎడ్లబండి ఇరుసుకు పెట్టే జిడ్డుగా తెలుగువారికి పాతదే. ఇక్కడ కూడా దాని పని రాపిడిని తగ్గించడమే.

అవసరం

రైఫిలు, పిస్టలు గొట్టాల లోపలి గోడలో మెలికలు తిరిగిన గాళ్ళు ఉంటాయి. వీటిని రైఫ్లింగు అంటారు. బుల్లెట్ ఈ గాళ్ళను పట్టుకొని బొంగరంలా తిరుగుతూ బయటకు రావడం వలననే అది గాలిలో పల్టీలు కొట్టకుండా సూటిగా పోతుంది. బుల్లెట్ గొట్టాన్ని గట్టిగా పట్టుకోవాలంటే అది గాళ్ళ అడుగు వ్యాసానికి సమానంగానో, వెంట్రుకవాసి ఎక్కువగానో ఉండాలి.

బుల్లెట్ సన్నగా ఉంటే ఏమవుతుందన్నది ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. చూడగానే సన్నని బుల్లెట్ సులువుగా జారిపోతుందని, లావు బుల్లెట్ ఇరుక్కొని గొట్టాన్ని పాడుచేస్తుందని తోస్తుంది. సీసం విషయంలో తరచు జరిగేది దీనికి విరుద్ధం. బుల్లెట్‌కు, గొట్టానికి మధ్య సందు ఉంటే మందు కాలినప్పుడు పుట్టిన వేడి వాయువులు ఆ సందులోనుండి ముందుకు దూసుకొని వెళ్తాయి. వెళుతూ బుల్లెట్ అంచులను కోసివేస్తాయి. అలా ఊడిన సీసం గొట్టం లోపల పూతలా అంటుకొంటుంది. కొన్ని కాల్పులకే గాళ్ళు పూడి, గురి చెదిరిపోతుంది. ఆ సీసాన్ని గీకి తీయడం గంటల పని. గొట్టంలో సీసం పేరుకుంటే చాలామంది మొదట లోహం మెత్తగా ఉన్నదనుకొని మిశ్రమాన్ని గట్టిపరుస్తారు. గట్టి మిశ్రమం మందు ఒత్తిడికి తేలికగా వ్యాకోచించదు కనుక, సన్నని బుల్లెట్ వల్ల ఏర్పడిన సందు అలాగే మిగిలి సమస్య పెరగవచ్చు. చాలా సందర్భాలలో సరిచూడవలసినది గట్టితనం కంటే ముందు కొలతనే.

రాగి తొడుగు గల బుల్లెట్లకు ఈ కందెన అవసరం లేదు. నేడు సైన్యాలు, పోలీసులు వాడే తూటాలలో ఎక్కువ భాగం ఆ రకానివే.

పనిచేసే విధానం

లూబ్రిసైజర్‌కు గుండెకాయ డై అనబడే గట్టి ఉక్కు గొట్టం. దాని లోపలి వ్యాసం ఎంత ఉంటే బుల్లెట్ వ్యాసం అంత అవుతుంది. ఒక్కొక్క కొలతకు ఒక్కొక్క డై మార్చుకోవాలి. డై గోడలో వరుసలుగా సన్నని రంధ్రాలు ఉంటాయి. పక్కనే ఉన్న గొట్టంలాంటి పాత్రలో కందెన కడ్డీ ఉంటుంది. పాత్ర మీది మరను తిప్పినప్పుడు కందెన ఒత్తిడికి లోనై డై రంధ్రాల వరకు వచ్చి నిలుస్తుంది.

అచ్చు నుండి వచ్చిన బుల్లెట్‌ను మొన పైకి ఉండేలా డై మీద నిలబెడతారు. పిడిని లాగితే పైనున్న పంచ్ దానిని డైలోకి నొక్కుతుంది. ఈ పంచ్ అడుగు బుల్లెట్ మొన ఆకారానికి సరిపోయేలా గుంటగా ఉంటుంది. సరిపోని పంచ్ వాడితే మొన నలిగిపోతుంది, లేదా బుల్లెట్ పక్కకు ఒరిగి వంకరగా దిగుతుంది. డైలోకి దిగేటప్పుడు అదనపు సీసం లోపలికి ఒత్తుకొని బుల్లెట్ గుండ్రంగా, ఒకే కొలతకు వస్తుంది. అడుగుకు చేరినప్పుడు బుల్లెట్ ఒంటి మీది గాళ్ళు డై రంధ్రాలకు ఎదురుగా నిలుస్తాయి. అప్పుడు కందెన వాటిలోకి నిండుతుంది. పిడిని ఎత్తితే బుల్లెట్ తిరిగి పైకి వస్తుంది. వేగం ఎక్కువగా ఉండే కొన్ని రైఫిలు బుల్లెట్ల అడుగుకు గ్యాస్ చెక్ అనే చిన్న రాగి మూత తొడుగుతారు. అదికూడా ఇదే నొక్కులో బిగుసుకొంటుంది.

కందెన ఒత్తిడిని సరిచూసుకోవడం చేయి తిరిగితేనే వచ్చే పని. ఒత్తిడి చాలకపోతే గాళ్ళు సగమే నిండుతాయి. ఎక్కువైతే కందెన బుల్లెట్ అడుగుకు, మొనకు అంటుతుంది. అడుగున మిగిలిన జిడ్డు తొడుగులోని మందును పాడుచేయగలదు కనుక దానిని తుడిచివేయాలి.

స్టార్ అనే మరొక తరహా ప్రెస్సులో బుల్లెట్ మొన ముందుగా దిగి, తరువాతి బుల్లెట్ తోస్తుండగా డై అడుగు నుండి బయటపడుతుంది. పైకి తిరిగి రానవసరం లేదు కాబట్టి పని వేగంగా సాగుతుంది.

కొలతలు

సాధారణ నియమం ప్రకారం డై కొలత గొట్టం గాళ్ళ వ్యాసం కంటే అంగుళంలో వెయ్యవ వంతు, అనగా సుమారు 0.025 మిల్లీమీటరు ఎక్కువ ఉండాలి. ఇది మనిషి వెంట్రుక మందంలో సగం కూడా కాదు. ఉదాహరణకు .38 స్పెషల్ రివాల్వరు గాళ్ళ వ్యాసం సాధారణంగా 0.357 అంగుళం, సీసపు బుల్లెట్‌ను 0.358 అంగుళానికి తెస్తారు. గొట్టాలన్నీ ఒకేలా ఉండవు. అందుచేత అనుభవజ్ఞులు మెత్తని సీసపు ముక్కను గొట్టం గుండా తోసి, దాని మీద పడిన అచ్చును మైక్రోమీటరుతో కొలిచిన తరువాతనే డై ఎంచుకొంటారు. రివాల్వరులో గొట్టంతోపాటు తూటాలు ఉండే సిలిండరు నోటి వ్యాసాన్ని కూడా చూడాలి. నోరు గొట్టం కంటే సన్నగా ఉంటే బుల్లెట్ అక్కడనే నొక్కుకుపోయి, గొట్టంలోకి సన్నగా ప్రవేశిస్తుంది. అప్పుడు ప్రెస్సు మీద పడిన శ్రమ అంతా వృథా.

అచ్చు నుండి వచ్చిన బుల్లెట్ మరీ లావుగా ఉంటే దానిని ఒక్కసారిగా నొక్కడం వలన ఆకారం చెడుతుంది. రెండు, మూడు వేల వంతుల అంగుళాలకు మించి తగ్గించవలసి వస్తే అచ్చునే మార్చుకోవడం మేలు.

సీసం, కందెన

శుద్ధ సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. దానిని గట్టిపరచడానికి యాంటిమొనీ, అచ్చులో చక్కగా పారడానికి తగరం కలుపుతారు. అమెరికాలో బుల్లెట్లు పోసేవారు ఇష్టపడిన లోహాలలో అచ్చుయంత్రాల లైనోటైపు లోహం ఒకటి. అందులో 84 శాతం సీసం, 12 శాతం యాంటిమొనీ, 4 శాతం తగరం ఉంటాయి. సీసపు అక్షరాలతో తెలుగు పత్రికలు అచ్చయిన కాలంలో కంపోజింగు గదులలో వాడిన లోహం కూడా ఈ కుటుంబానిదే.

కందెనలలో ఎక్కువకాలం నిలిచినది తేనెమైనం. 20వ శతాబ్దపు మధ్యభాగంలో అమెరికా జాతీయ రైఫిల్ సంఘం ప్రచారంలోకి తెచ్చిన మిశ్రమంలో తేనెమైనం సగం, ఆలాక్స్ అనే తుప్పు నిరోధక పదార్థం సగం ఉంటాయి. గట్టి కందెనలు వాడేవారు అవి పారడానికి ప్రెస్సు అడుగున చిన్న హీటరు పెడతారు. మెత్తని కందెన ఎండలో ఉన్న వాహనంలో కరిగి మందులోకి దిగే ప్రమాదం కలదు. ఇటీవలి దశాబ్దాలలో కందెనకు బదులు బుల్లెట్లకు రంగుపొడి పూసి పొయ్యిలో కాల్చే పద్ధతి వ్యాపించింది. ఆ పద్ధతిలో కూడా కొలతకు తేవడం తప్పదు.

ఈ పనిలో ఉన్న అసలు ప్రమాదం సీసపు విషం. కరిగే ఉష్ణోగ్రత వద్ద సీసం ఆవిరి కావడం స్వల్పమే. చేతుల ద్వారా, మడ్డి దుమ్ము ద్వారా నోటిలోకి పోవడమే ఎక్కువ. జిడ్డు పట్టిన బుల్లెట్లను వేళ్ళతో తీసి పెట్టే ఈ పనిలో మధ్యలో తినడం, పొగ తాగడం చేయరాదు. సీసం కరిగించిన పాత్రను మరల వంటకు వాడరాదు. శరీరంలో సీసానికి సురక్షితమైన పరిమాణం అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. చేసేవాడు పెద్దవాడే అయినా, దుమ్ము అతని బట్టల వెంట ఇల్లంతా తిరుగుతుంది.

చరిత్ర

గుండును కొలతకు సరిచూడడం తుపాకీ అంత పాతది. ఐరోపా ఫిరంగి దళాలలో ఇనుప గుండ్లను వలయాల గుండా దూర్చి చూసేవారు. హైదరాబాదులో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ (మరణం 1798) ఏర్పరచిన ఫిరంగుల కర్మాగారం పేరు గన్‌ఫౌండ్రీ అనే పేటగా నేటికీ నిలిచి ఉన్నది. స్థానికులు దానిని తోప్ కా సాంచా అనేవారు. సాంచా అంటే అచ్చు.

ఇంటి పనిముట్ల చరిత్ర అమెరికాలో మొదలవుతుంది. కనెక్టికట్ రాష్ట్రంలో 1884లో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ సంస్థ అచ్చులు, తూటాలు తిరిగి నింపే పనిముట్లు అమ్మింది. 1925లో ఆ వ్యాపారం లైమన్ సంస్థ చేతికి వచ్చింది. లైమన్ 45, 450, 4500 నమూనాలు ఈ ప్రెస్సుకు దాదాపు పర్యాయపదాలయ్యాయి.

బుల్లెట్ కందెన భారతదేశ చరిత్రను కూడా తాకింది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలులో బుల్లెట్‌ను గొట్టం మూతి నుండి కిందికి దించాలి. అందుచేత దానిని గొట్టం కంటే సన్నగా చేసేవారు. పేలుడు ఒత్తిడికి దాని అడుగు వ్యాకోచించి గాళ్ళను పట్టుకొనేది. నల్లమందు మసి గొట్టంలో గట్టిపడకుండా ఉండడానికి తూటా కాగితం కొసకు కొవ్వు పూసేవారు. కాగితాన్ని పళ్ళతో చింపాలి. ఆ కొవ్వు ఆవుది, పందిది అన్న వార్త 1857 జనవరిలో డమ్‌డమ్ నుండి సిపాయిలలో పాకింది. సిపాయిలు తమకు నచ్చిన పదార్థంతో తామే కందెన పూసుకోవచ్చునని ప్రభుత్వం ఆ నెలలోనే అనుమతించినా అనుమానం తీరలేదు. మే 10న మీరట్‌లో తిరుగుబాటు మొదలైంది. జూలై 17న హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీపై దాడి జరిగింది. ఈ తిరుగుబాటుకు కారణాలు అనేకం. అయితే తూటా మీది జిడ్డు ఏ జంతువుదన్న ప్రశ్న ఒక సైన్యాన్ని కదిలించిన సందర్భం మరొకటి చెప్పడం కష్టం.

భారతదేశంలో చట్టం

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వినియోగానికి బుల్లెట్లు పోసుకొనడానికి లైసెన్సు అక్కరలేదు. తూటాలు తయారుచేసి అమ్మే వ్యాపారానికి కావాలి. భారతదేశంలో స్థితి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం రెండవ సెక్షనులో మందుగుండు అనే పదానికి ఇచ్చిన నిర్వచనంలో దాని భాగాలు, దానిని తయారుచేసే యంత్రాలు కూడా చేరి ఉన్నాయి. అంటే తూటా ఒక్కటి కూడా లేకపోయినా, దానిని తయారుచేసే యంత్రమే చట్టం దృష్టిలో మందుగుండు. ఐదవ సెక్షను ప్రకారం లైసెన్సు లేని తయారీ నేరం. 2019 సవరణ తరువాత దీనికి కనీస శిక్ష ఏడేళ్ళ జైలు. యావజ్జీవం వరకు విధించవచ్చు. తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తయారీకి అనుమతి ఉన్నట్లు కాదు.

ఇక్కడి క్రీడా షూటర్లకు కొలత పట్టింపు మరో రూపంలో ఎదురవుతుంది. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్లు వాడతారు. తల వ్యాసం 4.49, 4.50, 4.51 అంటూ మిల్లీమీటరులో నూరవ వంతు తేడాతో అవి వేర్వేరు డబ్బాలలో దొరుకుతాయి. షూటర్లు తమ గొట్టానికి ఏది సరిపోతుందో కాల్చి చూసి ఎంచుకొంటారు.

సినిమాలో

కృష్ణ నటించిన మోసగాళ్ళకు మోసగాడు (1971), మహేష్ బాబు నటించిన టక్కరిదొంగ (2002) వంటి కౌబాయ్ చిత్రాలలో రివాల్వర్లదే రాజ్యం. అమెరికా పశ్చిమ ప్రాంతపు నిజమైన రివాల్వర్లలో కందెన పెట్టిన సీసపు బుల్లెట్లే ఉండేవి. చిత్రీకరణలో వాటికి చోటు లేదు. మంట, మోత కావలసిన చోట వాడే బ్లాంక్ తూటాలో మందు ఉంటుంది, బుల్లెట్ ఉండదు. దగ్గరగా చూపవలసిన చోట వాడే డమ్మీ తూటాలో బుల్లెట్ ఉంటుంది, మందు ఉండదు. నేడు గొట్టం చివరి మంటను తరచు గ్రాఫిక్సులో చేరుస్తున్నారు.

ఈ రెండు రకాలు కలిసినచోట ఏమి జరుగుతుందో 1993 మార్చి 31న అమెరికాలో ది క్రో చిత్రీకరణలో తెలిసింది. అంతకుముందు ఒక సన్నివేశంలో వాడిన డమ్మీ తూటాలో మందు లేకపోయినా ప్రైమర్ మిగిలి ఉన్నది. ఆ ప్రైమర్ బలానికి బుల్లెట్ తొడుగు నుండి ఊడి గొట్టంలో ఇరుక్కొన్నది. గొట్టంలో బిగువుగా పట్టేలా చేసిన వస్తువు కనుక అది జారి బయట పడలేదు, ఎవరూ చూడలేదు. తరువాత అదే రివాల్వరులో బ్లాంక్ పేల్చినప్పుడు ఆ బుల్లెట్ తగిలి నటుడు బ్రాండన్ లీ మరణించాడు. 2021 అక్టోబరు 21న రస్ట్ అనే కౌబాయ్ చిత్రం సెట్టులో డమ్మీల మధ్యకు అసలు తూటా చేరడంతో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించింది.