క్లచ్ పెడల్ లేని కారు సిగ్నల్ దగ్గర ఎందుకు ఆఫ్ కాదు? టార్క్ కన్వర్టర్ పని ఇదీ

హైదరాబాద్: సాయంత్రం కర్మన్‌ఘాట్ నుంచి ఎల్బీనగర్ వైపు వెళ్లాలంటే మాన్యువల్ కారు నడిపేవారి ఎడమ కాలికి తీరిక ఉండదు. నాలుగడుగులు కదలడం, మళ్లీ క్లచ్ తొక్కడం. అదే ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ కారు బ్రేక్ తొక్కితే ఆగుతుంది, వదిలితే మెల్లగా కదులుతుంది. ఇంజిన్ మాత్రం ఆఫ్ కాదు. గల్ఫ్‌లో డ్రైవర్లుగా చేసి వచ్చినవాళ్లకు ఇది అలవాటే. లోపల జరిగేది మాత్రం చాలామందికి తెలియదు.

రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. రెండోదాన్ని చేత్తో ఆపినా మొదటిది ఆగదు. టార్క్ కన్వర్టర్‌లో గాలికి బదులు ఆయిల్ ఉంటుంది. ఇంజిన్‌తో తిరిగే ఇంపెల్లర్ ఆయిల్‌ను విసురుతుంది. గేర్‌బాక్స్‌కు కలిపిన టర్బైన్ ఆ తాకిడికి తిరుగుతుంది.

మధ్యలో స్టేటర్ ఉంటుంది. టర్బైన్ నుంచి వెనక్కి వచ్చే ఆయిల్‌ను ఇది ఇంపెల్లర్ తిరిగే దిక్కుకే మళ్లిస్తుంది. అందుకే బండి కదిలేటప్పుడు ఇంజిన్ టార్క్ దాదాపు రెండింతలవుతుంది. జర్మన్ ఇంజినీర్ హెర్మన్ ఫాటింగర్ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. అప్పట్లో ఆయన ఉద్దేశం కార్లు కాదు, ఓడలు.

ఆయిల్ ద్వారా శక్తి వెళ్తే కొంత వృథా అవుతుంది, వేడిగా మారుతుంది. అందుకే స్పీడ్ అందుకున్నాక లాకప్ క్లచ్ ఇంపెల్లర్‌ను, టర్బైన్‌ను నేరుగా కలిపేస్తుంది. దాంతో మైలేజీ కాస్త మెరుగవుతుంది.

అన్ని ఆటోమేటిక్‌లూ ఒకటి కావు. 2014లో మారుతి సెలెరియోతో మన దేశానికి వచ్చిన ఏఎంటీలో మామూలు క్లచ్చే ఉంటుంది. దాన్ని కాలికి బదులు మెషీన్ తొక్కుతుంది. ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు ఏది ఉందో అడిగి తెలుసుకోవాలి.

టెస్ట్ డ్రైవ్‌లో గేర్ ఆయిల్ మాడిన వాసన వచ్చినా, ఒకే స్పీడ్‌లో వెళ్తుంటే బండి వణికినా మెకానిక్‌కు చూపించాకే బేరం మాట్లాడాలి. గేర్‌బాక్స్ పాడైతే చిన్న ఖర్చుతో పోదు.

ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటర్‌తో కాదు, బ్రేక్‌తోనే బండిని నిలపాలి. లేదంటే ఆయిల్ వేడెక్కిపోతుంది. బండి చెడితే తాడు కట్టి లాగించకూడదు. ఇంజిన్ ఆగితే ఆయిల్ పంపు కూడా ఆగుతుంది, గేర్‌బాక్స్‌కు ఆయిల్ అందదు. లారీ మీద ఎక్కించి తీసుకెళ్లడమే మేలు.