నిదానమే ప్రధానము

అమెరికా సంయుక్తరాష్ట్రములందు నీటిగొట్టములు బిగించువారు, విద్యుత్తు తీగెలు లాగువారు, తాళములు బాగుచేయువారు తమ సామగ్రినంతయు ఒక వ్యానులో నింపుకొని, దానిపై నిచ్చెన కట్టుకొని, ఇంటింటికిని పోయి పనిచేసి జీవించుచుందురు. ఆ వ్యానే వారి దుకాణము, కార్ఖానా, కూడుపెట్టు చేను. అట్టి వానిలో పేరుపొందిన షెవర్లే ఎక్స్‌ప్రెస్ 1996 నమూనాగా వెలువడినది. ఆ సంవత్సరపు నమూనాల నుండియే, అచ్చట అమ్మబడు కార్లును తేలికపాటి ట్రక్కులును తమ లోపములను తామే కనిపెట్టి సంకేతములుగా తెలుపగల ఓబీడీ-2 అను ఏర్పాటును కలిగియుండవలెనన్న నిబంధన అమలులోనికి వచ్చెను. కావున ఈ వ్యాను పుట్టుకతోనే మాట నేర్చినదనవచ్చును. ఆ మాటకు సరియైన అర్థము చెప్పుటలోనే మెకానిక్కు విద్వత్తు బయటపడును.

ఇంజనునకు మేధస్సువంటిదగు ఈసీఎం అల్యూమినియపు కవచములో నిమిడిన చిన్న కంప్యూటరు. క్రాంకుషాఫ్టు ఏ క్షణమున ఏ కోణమున నున్నదో, లోనికి పోవు గాలి ఎంతయో, ఇంజనును చల్లార్చు ద్రవముయొక్క వేడిమి ఎంతయో, పొగగొట్టమున ప్రాణవాయువు మిగిలినదో లేదో సెన్సార్ల మూలమున తెలిసికొని, ఏ సిలిండరునకు ఎంత పెట్రోలు చిమ్మవలెనో, నిప్పురవ్వను ఎప్పుడు పుట్టింపవలెనో అది నిర్ణయించును. ఎనిమిది సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 మారులు తిరుగునపుడు, ఒక్కొక్క భ్రమణమునకు నాలుగు సిలిండర్లు మండవలసియుండుటచే, 5 మిల్లీసెకండ్లకొకమారు ఈ నిర్ణయము జరుగవలెను. తూకమున ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్లు గాలి చేరిననే పొగగొట్టములోని ఉత్ప్రేరకము విషవాయువులను చక్కగా శుద్ధిచేయగలుగును గనుక, ఆ నిష్పత్తిని కాపాడుట ఈసీఎంకు నిత్యవ్రతము.

ఒకనాటి ఉదయమున ఇట్టి వ్యాను కదలక మొరాయించినదనుకొందము. తాళము త్రిప్పిన స్టార్టరు తిరుగును. ఇంజను మాత్రము అందుకొనదు. ఓబీడీ-2 సంకేతములను చదువు స్కానరును తగిలించిన సమాధానము రాదు. అప్పుడు "ఈసీఎం పోయినది" అను మాట సులభముగా నోట వచ్చును. కాని వైద్యశాస్త్రమున నిదానమనగా రోగకారణమును నిర్ణయించుట. మన వాడుకలో తొందరపడకుండుట. "నిదానమే ప్రధానము" అను సామెత ఈ సందర్భమున రెండర్థములను సార్థకము చేసికొనుచున్నది.

మొదట పరీక్షింపవలసినవి ఫ్యూజులును ఎర్తు తీగెలును. అమెరికా ఉత్తర రాష్ట్రములలో శీతకాలమున రోడ్లపై మంచు కరుగుటకై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు చట్రమునకు ఎర్తు తీగె బిగించిన చోట చేరి తుప్పును పెంచును. అచ్చట ఒక్క ఓము నిరోధము ఏర్పడి, దానిగుండ 5 ఆంపియర్ల విద్యుత్తు పోవలసివచ్చినచో, 5 ఓల్టులు ఆ తుప్పులోనే వ్యయమగును. 12 ఓల్టులు అందవలసిన కంప్యూటరునకు 7 మాత్రమే దక్కును. అంతటితో దానికి స్పృహ తప్పును. ప్రాణము మాత్రము పోలేదు. బ్యాటరీ రుణధ్రువమునకును ఈసీఎం ఎర్తునకును నడుమ మీటరు నుంచి, విద్యుత్తు ప్రవహించుచుండగా కొలిచినప్పుడు తేడా ఓల్టులో పదవవంతునకు మించియున్నచో దోషము దారిలో నున్నదని తెలిసికొనవలెను. ఇట్టి రోగమునకు ఇనుపతీగెల బ్రష్షును గరుకుకాగితమును చాలిన మందులు.

పిదప చూడవలసినది 5 ఓల్టుల సరఫరా. పెక్కు సెన్సార్లకు ఈసీఎం తానే 5 ఓల్టులు పంపుచు, వానినుండి తిరిగివచ్చు ఓల్టేజినిబట్టి స్థితిగతులను గ్రహించును. ఒకే తీగెను పంచుకొను సెన్సార్లలో ఒక్కటి లోపల షార్టు అయినను ఆ 5 ఓల్టులు సున్నకు దిగజారి, తక్కినవన్నియు మూగవోవును. కంప్యూటరు చచ్చినట్లే తోచును. మెకానిక్కు ఓర్పుతో ఒక్కొక్క సెన్సారునే విడదీయుచు మీటరును కనిపెట్టియుండగా, ఏది ఊడిన వెంటనే 5 ఓల్టులు మరలివచ్చునో అదియే దోషి.

తక్కినవన్నియు ఇన్ని పరీక్షలకును నిలిచిన పిమ్మటనే ఈసీఎంను తప్పుపట్టవలెను. అది నిజముగా చెడు సందర్భములును కలవు. నీరు చొరుటచే దాని లోపలి రాగిరేఖలు క్షయించును. ఏండ్లకొలది అదురుటచేతను వేడిమిచేతను టంకపు అతుకులు చిట్లును. బ్యాటరీ తీగెలు తారుమారైనను, బ్యాటరీ విప్పక బండికి వెల్డింగు చేసినను సున్నితములైన భాగములు కాలిపోవును. వీనికంటె విచారింపవలసినది ఇంజెక్టరు వలని చేటు. ఇంజెక్టరు కాయిలుకు సాధారణముగా 12 ఓములు నిరోధమున్నచో, 12 ఓల్టులకు అందు ఒక ఆంపియరు మాత్రమే ప్రవహించును. చుట్టలు లోలోపల కలిసికొని నిరోధము రెండు ఓములకు పడిపోయినచో ఆరు ఆంపియర్లు దూకును. దానిని నడపు ట్రాన్సిస్టరు మాడిపోవును. ఆ ఇంజెక్టరును మార్చక క్రొత్త ఈసీఎం బిగించినవాడు దానిని కూడ అదే చితిపై పెట్టినవాడగును.

మార్పిడిలో మరల రెండు అంగములు కలవు. బ్యాటరీ రుణధ్రువమును విప్పి, దేహమునందలి స్థిరవిద్యుత్తు సోకకుండ జాగ్రత్తపడి, పాతదానిని తీసి క్రొత్తదానిని బిగించుట మొదటిది. అది పనిచేతులకు కష్టము గాదు. రెండవది విద్యాభ్యాసము. క్రొత్త పెట్టెకు ఈ వ్యానుయొక్క 17 అక్షరాంకముల గుర్తింపు సంఖ్యను, ఈ ఇంజనునకు తగిన లెక్కల పట్టికలను ఎక్కింపవలెను. ఎక్కించునపుడు బ్యాటరీ నీరసించి పని నడుమ ఆగినచో ఆ పెట్టె నిరుపయోగము కావచ్చును గనుక స్థిరమైన ఛార్జరును తగిలించుదురు. దొంగతనమును నివారించు ఏర్పాటునకు అది క్రొత్తది. జనరల్ మోటార్స్ వారి పెక్కు వాహనములందు తాళము త్రిప్పియుంచి పదేసి నిమిషములు మూడుమారులు వేచియున్నగాని దానికి పరిచయము కుదరదు. క్రాంకుషాఫ్టుపైని పండ్లచక్రమున పనితనమువలన మిగిలిన సూక్ష్మమైన హెచ్చుతగ్గులను కూడ అది నేర్వవలెను. లేనిచో సిలిండరు మండకపోవుటచే కలిగిన తొట్రుపాటేదో, చక్రపు సహజమైన తేడా ఏదో దానికి భేదము తెలియదు. పాతబండినుండి తీసిన పెట్టె చౌకగా దొరకును గాని, అది పరాయి బండి జ్ఞాపకములను మోసికొనివచ్చును.

ఈ విద్యను నేర్పు సాధనములు ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్న ఇందుండియే పుట్టినది. 2012 నవంబరులో మసాచుసెట్స్ రాష్ట్రపు ఓటర్లు, డీలర్లకు దొరకు మరమ్మతు సమాచారము యజమానులకును స్వతంత్ర మెకానిక్కులకును దొరకవలెనను ప్రతిపాదనను అత్యధిక సంఖ్యతో ఆమోదించిరి. చేనును దున్నుకొనువానికి తన నాగలిని బాగుచేయించుకొను స్వేచ్ఛ ఉండవలెనను న్యాయమే ఇది.

మన దేశమునను 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 ప్రమాణములు వచ్చుటతో, కూరగాయలు మోయు చిన్నబండ్లును ఈ కంప్యూటర్ల ఏలుబడిలోనికి వచ్చినవి. విజయవాడ ఆటోనగరులో చేతిసంచితో నిలిచిన కుర్రవానికిని ఈ విద్య అవసరమే. అతడు క్రొత్త పెట్టె ధర అడుగుటకు ముందు మీటరు తీసి ఎర్తు తీగెను ముట్టి చూచినచో, ఒక సంసారపు నెలజీతము మిగులును.