ముందు వేడిని ఆపండి... ఆ తర్వాతే సౌర పలకలు

తొండుపల్లి పరిసరాల్లో బెంగళూరు రహదారి వెంట గోదాములు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు వరసగా కనిపిస్తాయి. మీకూ రోడ్డు పక్క జాగా ఉంటే ఒక హాలు కట్టాలనో, కూరగాయలకు శీతల గది పెట్టాలనో ఆలోచన వచ్చే ఉంటుంది. కట్టడానికి బ్యాంకు అప్పిస్తుంది సరే, నెలనెలా వచ్చే కరెంటు బిల్లు మాటేమిటి? 'కప్పు మీద సోలార్ వేయించండి, బిల్లే రాదు' అనే ఏజెంట్లకు కొదవ లేదు. సంతకం పెట్టేముందు లెక్క మీరే చూసుకోండి.

విమానాశ్రయం చెప్పే పాఠం

2008లో ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయం టెర్మినల్‌ను కట్టేటప్పుడే కరెంటు పొదుపును దృష్టిలో పెట్టుకున్నారు. హరిత భవనంగా 'లీడ్' వెండి గుర్తింపు కూడా దక్కింది. అక్కడ 5 మెగావాట్ల సౌర కేంద్రం వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. 2021లో అది 10 మెగావాట్లకు పెరిగింది. అంటే ముందు పొదుపు, తర్వాత ఉత్పత్తి. వాళ్లకు పలకలు పరచడానికి ఎకరాల కొద్దీ నేల ఉంది. మనకున్నది కప్పు ఒక్కటే. కాబట్టి ఈ వరస మనకు ఇంకా ముఖ్యం.

పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో 2011లో ఒక భవనాన్ని రెండు సగాలుగా కట్టారు. ఒక సగానికి మామూలు ఏసీ. రెండో సగానికి శ్లాబులోని గొట్టాల్లో చల్లని నీరు తిప్పే పద్ధతి. మీటర్లు పెట్టి చూస్తే నీటి పద్ధతికి చల్లదనం కోసం దాదాపు మూడో వంతు కరెంటు తక్కువ పట్టింది. అంత ఏర్పాటు మనకు అక్కర్లేదు. కొలిచి తేల్చుకోవడం నేర్చుకుంటే చాలు.

కప్పుకు తెల్లరంగు

ఎండ పడే కప్పు ఏసీ బిల్లును పెంచుతుంది. రేకుల షెడ్డయితే చెప్పనే అక్కర్లేదు. కప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లరంగు, రేకు కింద వేడి ఆపే పొర, పడమటి గోడకు నీడ... ఈ మూడూ చేశాకే ఎన్ని టన్నుల ఏసీ కావాలో అడగండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చింది ఇందుకే. శీతల గదికి తలుపు సందులు కూడా చూసుకోవాలి.

వేడినీళ్లకు పలకలెందుకు?

వెయ్యి లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే గీజరుకు సుమారు 41 యూనిట్లు కావాలి. హీట్ పంపుకు అందులో మూడో వంతు చాలు. ఎండతో నేరుగా నీళ్లు కాచే హీటరుకైతే మబ్బు రోజుల్లో తప్ప కరెంటే అక్కర్లేదు. వంటశాల, పాల క్యాన్ల కడుగుడు ఉన్నచోట ముందు దీని ధర కనుక్కోండి.

పలకల లెక్క

మన ప్రాంతంలో కిలోవాటు పలకలు సగటున రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తాయి. నీడ పడని కప్పు సుమారు 100 చదరపు అడుగులు కావాలి. పది కిలోవాట్లు వేస్తే ఏడాదికి దాదాపు 14 వేల యూనిట్లు. యూనిట్ 9 రూపాయలనుకుంటే 1,26,000 రూపాయలు మిగులుతాయి. కొటేషన్ ఆరు లక్షలైతే అయిదేళ్లలోపే పెట్టుబడి తిరిగొస్తుంది. మీ బిల్లులోని ధర, మీ కొటేషన్ వేసి ఇదే లెక్క చేయండి. అప్పు వడ్డీ మరవకండి.

అయితే ఒక మెలిక ఉంది. ఫంక్షన్ హాలుకు ముహూర్తాలున్నప్పుడే గిరాకీ. పెళ్లి రాత్రి అయితే ఏసీ కూడా రాత్రే నడుస్తుంది. ఎండేమో ఆషాఢంలోనూ కాస్తుంది, హాలు మాత్రం ఖాళీ! నెట్ మీటరు ఉంటే ఆ మిగులు గ్రిడ్డుకు పోతుంది గానీ, చివరికి మిగిలిన యూనిట్లకు డిస్కం ఇచ్చే ధర మీరు కొనే ధర కన్నా తక్కువ. అందుకే హాలుకు పెద్ద ప్లాంటు దండగ కావచ్చు. పగలూ రాత్రీ నడిచే శీతల గదికి అదే ప్లాంటు లాభం. పగటి కరెంటుతో మంచు గడ్డ కట్టించి, రాత్రి ఆ చల్లదనం వాడుకుంటే బ్యాటరీల ఖర్చూ తగ్గుతుంది.

కాగితాల సంగతి

పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, వ్యాపార భవనాలకు రాదు. ఇస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. శీతల గది, గోదాములకు 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద రెండు కోట్ల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ బ్యాంకులో అడగండి. విమానాశ్రయం పక్కన భవనాల ఎత్తుకు హద్దులున్నాయి గదా! కప్పు మీద ఎత్తయిన స్టాండ్లు వేసేముందు మీ అనుమతి పత్రంలోని ఎత్తు చూసుకోవాలి.

పన్నెండు నెలల బిల్లులు ముందు పెట్టుకుని, పగలెన్ని యూనిట్లు, రాత్రెన్ని అని విడదీయండి. ఆ కాగితం చూపించి, ఏడాదికి ఎన్ని యూనిట్లు ఇస్తారో రాసివ్వమని ఏజెంటును అడగండి. రాసివ్వనంటే ఇంకొకరి దగ్గర కొటేషన్ తీసుకోవడం మేలు.