తిరిగెడి పీపాలో రాతిరేణువు ప్రయాణము

కడప జిల్లా ఎర్రగుంట్ల పరిసరములలోని సున్నపురాయి సిమెంటుగా మారుటకు ముందు తిరిగెడి ఉక్కు పీపాలలో సాగవలసియున్నది. పొడవైన బట్టీలో అది సుమారు 1,450 డిగ్రీల వేడికి కాలును. ఆ కాలిన గడ్డలను బాల్ మిల్లులో ఉక్కుగుండ్లు నలుగగొట్టును. అదే జిల్లాలో, 2012లో ఆరంభమైన తుమ్మలపల్లె కర్మాగారమున యురేనియపు రాతిని నీటితో కలిపి నూరుదురు. ఈ పీపాల లోపల ఏమి జరుగునో కంటికి కానరాదు. దానిని తెలిసికొను మార్గమును ఇచట వివరింపదలచినాము.

నీళ్లచెంబును త్రాటకట్టి గిరగిర త్రిప్పినచో నీరు ఒలుకదు. మిల్లును అతివేగముగా త్రిప్పినను అంతే: గుండ్లు గోడనంటి తిరుగునే కాని రాయి నలుగదు. నాలుగు మీటర్ల వ్యాసముగల మిల్లుకు ఈ హద్దు నిమిషమునకు సుమారు 21 చుట్లు. కావున 15 చుట్లకు అటునిటుగా నడుపుదురు. వేగము చాలనిచో దెబ్బ చాలదు; మించినచో గుండ్లు రాతిని వదలి గోడపలకలపై పడి, వానిని అరుగదీయును.

జొన్నల డబ్బాను కుదిపినచో నూక సందులగుండా అడుగునకు జారును. తిరిగెడి పీపాలో సైతము సన్నని రేణువులు అట్లే జారి రాశి నడుమ చేరును. బట్టీలో ఆ నడిమి భాగమునకు వేడి ఆలస్యముగా అందును. కనుక పైపొరను చూచి లోపలిదానిని నిర్ణయింపరాదు.

ఇందులకు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమువారు ఒక చక్కని ఉపాయమును రూపొందించిరి. తక్కినవానిని పోలిన ఒక్క రేణువునకు రేడియోధార్మికత కలిగించి, ప్రయోగశాలలోని చిన్న పీపాలో వేయుదురు. దానినుండి వెలువడు పాజిట్రాను ఎలక్ట్రానుతో కలిసి నశించినపుడు రెండు గామా కిరణములు ఎదురెదురు దిశలకు పోవును. ఇరువైపుల పరికరములు వానిని పట్టుకొనగా ఒక గీత దొరకును. అట్టి గీతలు కలియు చోటే రేణువున్న తావు. గంటలకొలది దాని వెంటబడినచో మొత్తము రాశి నడక బోధపడును.

నీరు చేరినచో లెక్క మారును. పలుచని బురద అడుగున మడుగై దెబ్బను మెత్తపరచును; చిక్కనిది గుండ్లకు అంటుకొనును. ఎంత నీరు తగునో కూడ ఇట్టి పరిశోధన సూచించును. చిన్న పీపాలో తేలిన సత్యముతో కంప్యూటరు గణనలను సరిచూచి, పెద్ద మిల్లులకు అన్వయింతురు.

మిల్లు త్రాగు విద్యుత్తులో చాలభాగము వేడిగను శబ్దముగను పోవును. రాతిని పగులగొట్టునది స్వల్పమే. రాయియే సిరియైన మన సీమలో ఆ వృథాను కొంత తగ్గించినను లాభమే.