మందు వాడుతున్నా రక్తం ఎందుకు గడ్డకడుతుంది?

గుండె ధమనిలో స్టెంట్ అమర్చిన రోగికి సాధారణంగా రెండు మందులు రాస్తారు: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కొని గడ్డగా మారకుండా చూడడమే రెండింటి పని. అయినా కొందరిలో ప్లేట్‌లెట్ల చురుకుదనం తగినంతగా తగ్గదు. దీనిని వైద్యులు నిరోధకత అంటారు. సూక్ష్మజీవులు యాంటీబయాటిక్‌లను తట్టుకోవడం నేర్చుకున్నట్లు ఇక్కడ రక్తం ఏమీ నేర్చుకోదు. కారణాలు వేరు.

క్లోపిడోగ్రెల్ మింగిన రూపంలో పనిచేయదు. కాలేయంలోని ఎంజైములు దానిని చురుకైన రూపంలోకి మార్చాలి. వాటిలో ముఖ్యమైనది సీవైపీ2సీ19. దానిని తయారుచేసే జన్యువు లోపభూయిష్టమైన రూపంలో తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమిస్తే, చురుకైన మందు చాలా తక్కువగా తయారవుతుంది. ఒకరి నుంచే వస్తే కొంత తగ్గుతుంది. ఐరోపా సంతతివారిలో ఇటువంటి జన్యురూపం కనీసం ఒకటైనా ఉన్నవారు పదిమందిలో సుమారు ముగ్గురు. బ్రిటన్‌లోని బంగ్లాదేశీ, పాకిస్తానీ సంతతివారిలో సగానికి పైగా ఉన్నట్లు తేలింది. భారతీయులలోనూ ఇది ఐరోపావారికన్నా ఎక్కువే. అందువల్ల ప్రవాసాంధ్ర కుటుంబాలకూ ఈ విషయం పట్టించుకోదగినదే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లో ఈ మందు పత్రంపై ప్రత్యేక హెచ్చరికను చేర్చింది.

అయితే ప్రతి వైఫల్యానికీ జన్యువే కారణం కాదు. మాత్రలు క్రమంగా వేసుకోకపోవడం అన్నిటికన్నా సాధారణమైన కారణం. కడుపులో మంటకు వాడే ఒమెప్రజోల్ అదే ఎంజైమును అడ్డగిస్తుంది. నొప్పులకు వాడే ఐబుప్రొఫెన్‌ను ముందుగా వేసుకుంటే, ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లలో చేరవలసిన చోటును అది ఆక్రమిస్తుంది.

మోతాదు పెంచితే సరిపోతుందా? ప్లేట్‌లెట్ల చురుకుదనం తగ్గని రోగులకు రోజుకు 75 మిల్లీగ్రాములకు బదులు 150 ఇచ్చి చూసిన గ్రావిటాస్ అధ్యయనం 2011లో వెలువడింది. గుండెపోట్లు, మరణాలు తగ్గలేదు. ప్రసుగ్రెల్, టికాగ్రెలార్ ఆ ఎంజైముపై అంతగా ఆధారపడవు, కాని వాటితో రక్తస్రావం ముప్పు ఎక్కువ. పూర్వం పక్షవాతం వచ్చినవారికి ప్రసుగ్రెల్ ఇవ్వకూడదు.

కాబట్టి మందు మార్పు వైద్యుడే నిర్ణయించాలి. రోగి తాను వాడే మందులన్నిటినీ, దుకాణంలో చీటీ లేకుండా కొన్నవాటితో సహా, ఆయనకు చెప్పాలి. జన్యుపరీక్ష అవసరమా అని అడగాలి. పనిచేయడం లేదన్న అనుమానంతో మాత్రలు తానే మానివేస్తే స్టెంట్ హఠాత్తుగా మూసుకుపోయి ప్రాణాపాయం కలగవచ్చు.