సాక్ష్యము – ఇరుగుపొరుగు

న్యాయస్థానమున నిలిచి తాను కన్నదానిని కన్నట్లు చెప్పువాడు సాక్షి. వినికిడి మాటల కచ్చట విలువ లేదు. క్రైస్తవులు తమ విశ్వాసమును ఇతరులకు తెలుపుటను ‘సాక్ష్యము’ అనుటలో ఈ యర్థమే యున్నది. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో సాక్షిని ‘మార్తుస్’ అందురు. తరువాతి కాలమున విశ్వాసమునకై ప్రాణములు విడిచినవారికి ఆ పదమే రూఢియైనది. కాని ప్రాణమర్పించు సందర్భము ఏ కొందరికో కలుగును. తక్కినవారి సాక్ష్యమంతయు వంటయింట, పొలము గట్టున, సంతలో జరుగవలసినదే.

దీనికి మన తెలుగు దేశముననే మంచి నిదర్శనమున్నది. తిరునల్వేలి ప్రాంతమున 1874లో జన్మించిన వి. యస్. అజరయ్య 1909లో నిజాము రాజ్యములోని దోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చి, ఇక్కడి పల్లెలనే తన పల్లెలుగా చేసికొనెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి నందిన తొలి భారతీయు డాయెను. ఆయన సంఘస్థులలో అధికులు మాల మాదిగ కూలీలు. అక్షరము రానివారే యెక్కువ. అయినను బాప్తిస్మము పొందిన ప్రతివానిచే, తలపై చేయి నుంచుకొని, సువార్తను చాటుట తన విధి యని ఆయన పలికించెడివాడు. చదువురాని కూలి ఏమి బోధింపగలడని మనకు సందేహము కలుగును. బోధింప నక్కరలేకపోయినది. త్రాగుడు మానినవాడు, చచ్చిన పశువు మాంసము ముట్టనివాడు, ఇల్లాలిని కొట్టనివాడు అదే పల్లెలో, అదే కామందు కండ్లయెదుట బ్రతుకుచుండెను. కాలక్రమమున కొన్ని గ్రామములలో రైతు కుటుంబములు సయితము సంఘమున చేరినపుడు, తమ పాలేర్ల నడవడిలోని మార్పే తమ్ము కదిలించిన దని చెప్పినవారు కలరు. పాలేరు గురువగుట మన పల్లెలలో చిన్న వింత కాదు. మిషనరీల నివేదికలు విజయములనే విశేషముగా వ్రాయు ననుమాట నిజమే. అయినను ఇది ఒక్కచోట వినవచ్చిన సంగతి కాదు.

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టి, వెంటనే మతమును గూర్చి అడిగిన, అది సాక్ష్యమా, బేరమా? ఒంగోలున జాన్ క్లౌ దొరకు ఈ చిక్కు ఎదురైనది. 1876-78 కరవులో ఆయన బకింగుహాము కాలువ త్రవ్వకమున మూడున్నర మైళ్ల గుత్త తీసికొని, వేలమందికి కూలి కల్పించెను. కాని కరవు పనులు సాగినంతకాలము బాప్తిస్మము లియ్యక ఆపివైచెను. అవి ముగిసినపిమ్మట, 1878 జూలై 3వ తేదీ ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూటికై చేరిరను నింద అప్పటికిని పోలేదు. నా దృష్టిలో, ఆయన ఇచ్చిన కూలికంటె ఆయన ఓపికతో ఆపిన నెలలే గట్టి సాక్ష్యము.

మన రాజ్యాంగపు 25వ అధికరణము మతమును అవలంబించుటకే గాక ప్రచారము చేయుటకును హక్కు నిచ్చినది. శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యము దానికి హద్దులు. ఒకరిని మతము మార్చు హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పినది. విశ్వాసికి దీనివలన కలుగు నష్టము స్వల్పమే. సాక్షి తాను కన్నది చెప్పును, తీర్పు వ్రాయడు. పొరుగింటివారికి జబ్బు చేసినపుడు గంజి కాచి తీసికొనిపోవువాడు కరపత్రమును ఇంటిలోనే విడిచిపోవచ్చును. ఆదివారము అంగడి ఏల మూయుదువని ఎవరైన అడిగిననాడు, రెండు మాటలలో బదులు చెప్పి, వారి పండుగ ఎప్పుడో తానును అడిగి తెలిసికొనవచ్చును.