కొలతకు అందని కాలుష్యం

హైదరాబాద్ శివారు పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామికవాడల కింద నక్కవాగు నీళ్లు చెడిపోయాయని రైతులు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. దీనిపై 1990లో సుప్రీంకోర్టుకెక్కిన వ్యాజ్యం హైకోర్టు మీదుగా జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా నడిచింది. ఈలోగా ఫ్యాక్టరీల వ్యర్థజలాలకు ఉమ్మడి శుద్ధి కేంద్రమూ వచ్చింది. అయినా సమస్య తీరలేదంటే తప్పంతా యంత్రాలదే అనలేం. దేన్ని కాలుష్యంగా లెక్కించాలో తేల్చే చోట ఆ నీళ్లు వాడేవాళ్ల మాటకు విలువ లేకపోవడమే అసలు లోపం.

ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షించిన స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. శుద్ధి కేంద్రంలో వ్యర్థాలను తినేది బ్యాక్టీరియా. దాని పని చురుగ్గా సాగాలని అక్కడ మనుషుల మురుగునూ కలిపేవారు. మురుగులో వచ్చిన పేగుల్లోని సూక్ష్మజీవులు, యాంటీబయాటిక్‌లు ఒకే తొట్టిలో చేరాయి. మందుకు లొంగేవి చచ్చాయి, తట్టుకున్నవి పెరిగాయి. తట్టుకునే జన్యువులను అవి ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్‌ఏ వలయాల ద్వారా వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలవు. ఇలాంటి నీళ్లను ఇంట్లో మరగబెడితే క్రిములు చస్తాయి గానీ కరిగిన రసాయనాలు పోవు. పరీక్షలో సీఓడీ (రసాయన ఆక్సిజన్ అవసరం), టీడీఎస్ (కరిగిన ఘనపదార్థాలు) అంకెలు ఎంత బాగున్నా, యాంటీబయాటిక్ ఎంతుందో వాటిని చూసి చెప్పలేం.

కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు ప్రతిపాదించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. పరిమితులు పెడితే ఖర్చు పెరిగి, చవక మందులు ప్రియమవుతాయన్నది పరిశ్రమల వాదన. ఉపాధి, మందుల ధర రెండూ తేలిగ్గా కొట్టిపారేయదగ్గవి కావు. అయితే ఆ ఖర్చు ఇప్పుడూ ఉంది, కాకపోతే దాన్ని మోస్తున్నది దిగువ పల్లెలు. రేపు మందులు పనిచేయని రోగులూ మోస్తారు. హైదరాబాద్ గుండా పారే మూసీ నదిని పాడుచేసేది ప్రధానంగా నగరపు మురుగే కదా అనేవారున్నారు. పరిమాణంలో అది నిజమే. కానీ మురుగుకు తగినన్ని శుద్ధి కేంద్రాలు కడితే చాలావరకు సరిపోతుంది, యాంటీబయాటిక్‌ను మాత్రం అది పుట్టిన ఫ్యాక్టరీలోనే ఆపాలి. పటాన్‌చెరు వ్యర్థాలను 18 కిలోమీటర్ల పైపులైనులో అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు మళ్లించడం వల్ల దెబ్బ తగిలే ఊళ్లు మారాయి, అంతే.

కాలుష్య నియంత్రణ మండలి ప్రతి మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గరే యాంటీబయాటిక్ అవశేషాలను కొలవాలి, ఆ అంకెలను దిగువ పంచాయతీల నోటీసు బోర్డుల మీద తెలుగులో పెట్టాలి. శివారు ప్రజలు తమ ప్రతినిధులను ముందుగా అడగవలసింది ఇదే.